నలభై ఆరు ఓములు

హీటరు మేస్త్రి ఇంటికి కోడలు వచ్చి ఏడాది తిరక్కముందే ఆయన పక్కనున్న కుర్చీ ఆమెదైపోయింది. ఆ కుర్చీ కోసం ఎవరూ ఎప్పుడూ పోట్లాడలేదు. అక్కడొక కుర్చీ వేసుకుని కూర్చోవచ్చన్న సంగతే కూతురికి అంతవరకూ తోచలేదు.

కూతుర్ని అందరూ పెద్దమ్మాయి అంటారు. భర్త దూరాలకు లారీ నడుపుతాడు. ఇల్లు రెండు వీధుల అవతలే. పొద్దున్నే పుట్టింటికొచ్చి ముందుగదిలో పనిలో దిగితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇంటికి పోతుంది. ఆ ముందుగదే మేస్త్రి వర్క్‌షాపు. ఒక గోడకు కాయిళ్ళు చుట్టే యంత్రం, దాని పక్కన నిక్రోమ్ తీగ చక్రాలు, ఎదురుగోడకు వోల్టుమీటరు, అమ్మీటరు బిగించిన పరీక్ష బల్ల. ఇస్త్రీ దుకాణాలకు, బట్టలు ఆరబెట్టే గదులకు, నీళ్ళు కాచే డబ్బాలకు కావలసిన కాయిళ్ళు అక్కడే తయారవుతాయి. ఎంత వేడి కావాలో వచ్చినవాళ్ళు చెబుతారు. ఏ తీగ, ఎంత పొడవు అన్నది మేస్త్రి లెక్కగట్టి చెబుతాడు. పెద్దమ్మాయి చుడుతుంది.

చుట్టడంలో ఆమెకు సాటి లేరు. తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి దొర్లిస్తే దాని మందం తెలిసిపోతుంది. ఆమె చేతిలోంచి వచ్చిన కాయిలు సాగదీస్తే ప్రతి చుట్టుకీ మధ్య ఎడం ఒకటే. "మా పెద్దది కళ్ళు మూసుకుని చుట్టినా అంతే" అని మేస్త్రి వచ్చినవాళ్ళందరితో అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తల వంచుకుని యంత్రం పిడి ఇంకాస్త జోరుగా తిప్పేది.

ఆ లెక్క నేర్పమని ఆమె రెండుసార్లు అడిగింది. మొదటిసారి చదువు మాని పనిలో చేరిన కొత్తలో. "నీకెందుకే ఆ తలనొప్పి, నేనున్నాగా" అన్నాడు. రెండోసారి పెళ్ళయ్యాక. అప్పుడు ఆయన రేడియో వింటూ చెవిన వేసుకోలేదు. మూడోసారి అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

తర్వాత మేస్త్రి చూపు మందగించింది. మీటరు మీది ముల్లు రెండుగా కనిపించేది. సరిగ్గా అప్పుడే తమ్ముడి పెళ్ళయింది. తమ్ముడు వ్యాను నడుపుతూ తయారైన సరుకు చేరవేస్తాడు, బిగిస్తాడు. అతని భార్య పెళ్ళికి ముందు ఎక్కడో మీటర్లు పరీక్షించే గదిలో పనిచేసిందట. వచ్చిన వారానికే మామగారి వెనక నిలబడి, "మామయ్యా, అది నాలుగు కాదు, నాలుగుంపావు" అంది. మేస్త్రి వెనక్కి తిరిగి, దేవుడి వరం దొరికినవాడిలా నవ్వాడు.

అంతే. ఆ రోజునుంచీ ఆయన కోడల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏ తీగకు మీటరుకెంత నిరోధమో, చల్లగా ఉన్నప్పుడెంత, కాగినప్పుడెంత, అన్నీ విప్పి చెప్పాడు. ఆమె ఒకటి అడిగితే ఆయన నాలుగు చెప్పేవాడు. ఒక్కోసారి ఇద్దరూ ఏదో అంకె దగ్గర పందెం కాసుకుని, మీటరు చూసి, పెద్దగా నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు యంత్రం చప్పుడును దాటుకుని వచ్చి పెద్దమ్మాయి వీపున తగిలేది. అన్నిటికంటే ఆమెను ఒక మాట కోసేసేది. కోడలితో మాట్లాడేటప్పుడు ఆయన 'మన లెక్క' అనేవాడు. కూతురితో అయితే 'నీ పని'.

మరదలు చెడ్డపిల్లయితే బాగుండేది. తిట్టుకోవడానికి ఏదైనా దొరికేది. వంక వెతికి వెతికి పెద్దమ్మాయికి దొరికింది ఒక్కటే. ఆ పిల్ల పెన్సిలు చెవి మీద పెట్టుకుంటుంది. అది చూస్తే చాలు, ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో కోడిపిల్లలావిడ వచ్చింది. ఊరి చివర షెడ్డులో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్ముతుందామె. కొత్తగా పెద్ద పెట్టె ఒకటి చేయించుకుంది, దానికి హీటరు కావాలి. ఊళ్ళో ఇంటి దగ్గర వాడిన పాత పెట్టె హీటరు అయిదు ఆంపియర్లు లాగేదని, అంత వేడే దీనికీ చాలని చెప్పింది.

మరదలు నోటితోనే లెక్క కట్టింది. "రెండొందల ముప్పై వోల్టులు, అయిదు ఆంపియర్లు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నలభై ఆరు ఓములు. గుణిస్తే పదకొండు వందల యాభై వాట్లు. అర మిల్లీమీటరు తీగ మీటరుకి అయిదున్నర ఓములు కాబట్టి ఎనిమిది మీటర్ల ముప్పై ఆరు సెంటీమీటర్లు. అంతేనా మామయ్యా?"

"అంతే!" అని మేస్త్రి తొడ చరిచాడు. "విన్నారా? మా కోడలు. నా తర్వాత ఈ బల్ల ఈమెదే."

కోడిపిల్లలావిడ కోడలి వంక మెచ్చుకోలుగా చూసింది. యంత్రం దగ్గరున్న మనిషిని ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ఆమె చెయ్యి పిడి మీద బిగుసుకుపోవడం కనిపించేది.

మర్నాడు పెద్దమ్మాయి కాయిలు చుట్టడానికి కూర్చుంది. అర మిల్లీమీటరు చక్రం, దాని పక్కనే అంతకంటే రవ్వంత సన్నం, పాయింటు నలభై అయిదు చక్రం. చూపుకు రెండూ ఒకటే. ఆమె చెయ్యి మొదట సరైన చక్రం మీదికే పోయింది. ఒక క్షణం ఆగింది. తర్వాత పక్కదాన్ని అందుకుంది. తీగ వేళ్ళ మధ్య దొర్లగానే 'ఇది కాదు' అని వేళ్ళు చెప్పాయి. ఆమె వినలేదు. మరదలు చెప్పిన పొడవు ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా రాకుండా కొలిచింది. మామూలుకంటే శ్రద్ధగా చుట్టింది. పింగాణీ కడ్డీ మీద ఎక్కించి బిగించాక అది నగలాగా మెరిసింది.

మధ్యాహ్నం పరీక్ష బల్ల మీద పెట్టారు. మరదలు స్విచ్చి వేసి ముళ్ళు చూసింది. ఆమె మొహం మారింది.

"ఎంతమ్మా?" అన్నాడు మేస్త్రి.

"వోల్టులు రెండొందల ముప్పైయే. కానీ కరెంటు... నాలుగు మామయ్యా. నాలుగు దాటి ఒక్క రవ్వ."

"అయిదు రావాలిగా?"

"రావాలి."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. నాలుగే. ఈలోగా కోడిపిల్లలావిడ ఫోను చేసి హీటరు ఎప్పుడొస్తుందని అడిగింది. మేస్త్రికి చిరాకెత్తింది.

"లెక్క తప్పింది. ఇంకేముంది!"

"లెక్క తప్పలేదు మామయ్యా. మీరు కూడా..."

"మరి తీగ తప్పా? అది చుట్టింది మా పెద్దది. ఆ చేతిలో తప్పుండదు. ఇదేమన్నా చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చుంటే అయిపోయే పనా? రేపట్నుంచి అంకెలు నాకు చెప్పు, లెక్క నేను కట్టుకుంటాను" అని కర్ర తాటించుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఇన్ని నెలలుగా పెద్దమ్మాయి ఎదురుచూసిన మాట అది. విన్నాక ఒంటి మంటంతా చల్లారింది. మరదలి చెవులు ఎర్రబడ్డాయి, పెదవి వణికింది. ఆ పెదవిని చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చనిపించింది. ఆ సంతోషం భోజనాల వేళదాకా కూడా నిలవలేదు. 'ఆ చేతిలో తప్పుండదు' అన్న మాట గుర్తొచ్చి, కంచం సగంలోనే పక్కకి నెట్టేసింది.

భోజనాలయ్యాక మేస్త్రి కునుకు తీస్తున్నాడు. మరదలు ఆ కాయిలు పట్టుకుని యంత్రం దగ్గరికొచ్చింది. ఏడవలేదు. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది.

"వదినా, ఇది నలభై అయిదు తీగ."

"నీకెలా తెలుసు? నీ వేళ్ళు చెప్పాయా?" అంది పెద్దమ్మాయి తలెత్తకుండా.

"నా వేళ్ళకంత లేదు. మీటరు చెప్పింది. రెండొందల ముప్పైని నాలుగుతో భాగిస్తే యాభై ఏడు. పొడవు నేను మళ్ళీ కొలిచాను, తేడా లేదు. యాభై ఏడుని ఆ పొడవుతో భాగిస్తే మీటరుకి ఏడు ఓములకి కాస్త తక్కువ. మన దగ్గర ఆ అంకె ఒక్క తీగకే ఉంది." కాయిలు బల్ల మీద పెట్టింది. "నా లెక్క సరిగ్గానే ఉంది. ఇక మీ సంగతి చెప్పండి. మీ వేళ్ళకి తెలియకుండా ఉండదు."

పొరపాటయిందని అనేస్తే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ, తన వేళ్ళకు తెలియలేదని చెప్పడం పెద్దమ్మాయి వల్ల కాలేదు.

"తెలుసు. తెలిసే చుట్టాను."

మరదలు స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎందుకు? నేనేం చేశాను మీకు?"

"నువ్వేం చెయ్యలేదు. ఆయన నీకు చెబుతున్నాడు. పూటకో సంగతి, నవ్వుతూ, ముద్దుచేస్తూ. నేను అడిగితే తలనొప్పి అన్నాడు. ఇన్నేళ్ళు ఆయన కళ్ళముందే కూర్చున్నాను. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు, 'మన లెక్క' అంటాడు."

ఆ పిల్ల జాలిపడుతుందేమో అనుకుంది. పడలేదు. కోపంతో లేచి నిలబడింది.

"అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది మీ సంగతి. ఆయన్ని అడగలేక నన్ను ముంచుతారా? ఆ పెట్టెలో గుడ్లు పెట్టి ఉంటే? లోపల పిల్లలు చచ్చిపోయేవి కదా వదినా!"

"పరీక్షలో తేలుతుందిగా. షెడ్డుదాకా పోనివ్వను."

"నా పరువు మాత్రం పోవచ్చు!"

మరదలు కాయిలు తీసి పెద్దమ్మాయి ఒళ్ళో పడేసింది. "మామయ్యకి మీరే చెప్పండి. నేను చెబితే చాడీ అవుతుంది."

మేస్త్రి నిద్ర లేచాక పెద్దమ్మాయి ఆయన మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. తీగ సంగతి చెప్పింది. ఎందుకు చేసిందో కూడా చెప్పింది. చిన్నప్పుడు దెబ్బ తినబోయే ముందు చెప్పినట్టు గబగబా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఆయన కాయిలు చేతిలోకి తీసుకుని చుట్ల మీద వేలు పోనిచ్చాడు.

"తప్పు తీగతో కూడా ఇంత అందంగా ఎలా చుట్టావే?" అన్నాడు.

"నాన్నా, నేనడిగేది అది కాదు. నాకెందుకు నేర్పలేదు?"

ఆయన చాలాసేపు కాయిలునే తడిమాడు. "నేర్పితే నువ్వూ బల్ల దగ్గర కూర్చుంటావు. మరి తీగ ఎవరు చుడతారు? నీలాంటి చెయ్యి నాకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు చివరికి. సిగ్గుపడుతూ కాదు, వాన కురిస్తే గొడుగు వేసుకున్నానని చెప్పినంత మామూలుగా. "కోడలికి చెయ్యి లేదు. అందుకని లెక్క ఇచ్చాను."

పెద్దమ్మాయి ఆ గదిలోంచి ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు. ఇన్నాళ్ళూ తనకు తెలివి తక్కువని ఆయన అనుకుంటున్నాడేమో అని కుమిలింది. అదే నయమనిపించింది ఇప్పుడు.

మరదలు పరీక్ష బల్ల తుడుస్తోంది. పెద్దమ్మాయి వెళ్ళి, మామగారి పక్కనుండే ఆ కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"చెప్పాను. ఇప్పుడు నాకు నువ్వు నేర్పు."

"బాగుంది! ముంచిందీ మీరే, నేర్పమనేదీ మీరేనా?"

"నీ మీద ప్రేమతో అడగడం లేదు. నీకొచ్చింది నాకు రాకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకని."

మరదలికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. "ఇంత నిజం ఎవరైనా చెబుతారా వదినా! సరే, కూర్చోండి. సినిమా వదిలినప్పుడు తలుపు దగ్గర జనం చూశారా? వెనకనుంచి తోసే తోపు వోల్టేజీ. తలుపు దాటి బయటపడే జనం కరెంటు. తలుపు ఇరుకు, అది రెసిస్టెన్సు. తోపు ఎంతో, బయటపడింది ఎంతో చూస్తే తలుపు ఎంత ఇరుకో చెప్పెయ్యొచ్చు."

"మరి వేడి?"

"తోపుని, బయటపడేవాళ్ళని గుణించండి. అది పవరు."

"అంటే సన్న తీగ ఇరుకు తలుపు. నాలుగే బయటపడ్డాయి."

"అదిగో, మీరు చేసిన ఘనకార్యం మీకే అర్థమైంది."

పెద్దమ్మాయి ఆకలిగొన్న మనిషి తిన్నట్టు నేర్చుకుంది. కాయిలు చుట్టేటప్పుడు పెదవులు కదుపుతూ భాగహారాలు చేసేది. తప్పు వస్తే మరదలు "ఊహూఁ" అనేది. ఆ "ఊహూఁ" ఆమెకు చెంపదెబ్బలా తగిలేది. తనకు ఇంత కష్టంగా వస్తున్నది ఆ పిల్లకు అరచేతిలో ఉసిరికాయలా ఉండడం చూస్తే పాత మంట మళ్ళీ రాజుకునేది. మేస్త్రి లోపలినుంచి "ఏంటక్కడ గుసగుసలు?" అని కేకేసేవాడు. ఎవరూ జవాబు చెప్పేవాళ్ళు కాదు.

సరైన తీగతో రెండో కాయిలు తయారైంది. బల్ల మీద అయిదు ఆంపియర్లు ఖచ్చితంగా చూపించింది. తమ్ముడు వ్యాను తీశాడు. బిగించడానికి ఆడవాళ్ళిద్దరూ కూడా బయల్దేరారు.

కోడిపిల్లల షెడ్డు ఊరి కరెంటు లైను చిట్టచివర ఎక్కడో ఉంది. తమ్ముడు హీటరు పెట్టెలో బిగించి వైర్లు కలిపాడు. మరదలు కోడిపిల్లలావిడకు చల్లగా, హుందాగా చెబుతోంది. "అయిదు ఆంపియర్లు లాగుతుందండీ, పదకొండు వందల యాభై వాట్లు. మీరేం దిగులు పెట్టుకోనక్కర్లేదు." ఆవిడ తలూపుతోంది. "మీరు ఆ రోజు నోటితోనే చెప్పేశారు, మావాళ్ళందరికీ చెప్పాను" అంటోంది.

పెద్దమ్మాయి చేతిలో మీటరు ఉంది. వోల్టులు చూసింది. రెండొందల పది. తర్వాత కరెంటు చూడడానికి, కొక్కెంలా నోరు తెరిచే టాంగ్ టెస్టరును ఒక వైరు చుట్టూ పట్టింది. నాలుగున్నర దాటి కాస్త. మళ్ళీ తీగ మార్చానా? లేదు, ఈసారి వేళ్ళు ఏ మాటా అనలేదు. పెదవులు కదిలించింది. రెండొందల పదిని నాలుగున్నర చిల్లరతో భాగించింది. నలభై ఆరే వచ్చింది. కాయిలు సరైనదే, తలుపు ఇరుకు మారలేదు. లైను చివరికి వచ్చేసరికి తోపే తగ్గింది. తోపు తగ్గితే బయటపడేదీ తగ్గింది. రెండూ తగ్గాక వాటిని గుణిస్తే వచ్చేది మరీ తగ్గింది. తొమ్మిదొందల యాభై చిల్లర వాట్లు. చలి ముదిరితే పెట్టె వేడెక్కదు.

మరదలు ఇది ఆలోచించలేదు. ఇంటి బల్ల మీది వోల్టులే అంతటా ఉంటాయనుకుంది.

ఊరుకోవచ్చు. ఈసారి ఎవరూ ఏమీ మార్చలేదు. ఆ పిల్ల లెక్క ఆ పిల్లనే ముంచుతుంది, ఎవరి చేతికీ మరక అంటదు. పెద్దమ్మాయి ఆ ఆలోచనను కాసేపు నోట్లో చప్పరించింది. అవతల చిన్న పెట్టెలో అప్పుడే పగిలిన గుడ్లలోంచి పిల్లలు కీచుకీచుమంటున్నాయి.

"సరిగ్గా లేదు" అంది గట్టిగా.

అందరూ తిరిగి చూశారు. "మీటరు సరిగ్గా పట్టుకున్నారా వదినా?" అంది మరదలు నవ్వుతూనే. పరాయివాళ్ళ ముందు ఆ ప్రశ్న పిన్నులా దిగింది.

"నువ్వే వచ్చి చూడు."

మరదలు వచ్చి చూసింది. ముందు వోల్టులు, తర్వాత కరెంటు. నవ్వు మాయమైంది. పెద్దమ్మాయి గోడకు ఆనించి ఉన్న అట్ట మీద సుద్దముక్కతో అంకెలు వేసింది. "పదకొండు వందల యాభై కావాలి. ఇక్కడ తోపు రెండొందల పదే. అంటే అయిదున్నర ఆంపియర్లు రావాలి. రెండొందల పదిని దాంతో భాగిస్తే ముప్పై ఎనిమిది ఓములు. తీగ ఏడు మీటర్లకి కాస్త తక్కువ చాలు."

"వోల్టేజీ పెరిగినప్పుడో? అప్పుడు మరీ ఎక్కువ కాగదూ?" అంది మరదలు.

"పెట్టెలో థర్మోస్టాటు ఉందిగా, ఆపేస్తుంది. ఎక్కువైతే ఆపడానికి అదుంది. తక్కువైతే తెచ్చిపెట్టేవాళ్ళెవరు?"

"ఉన్నదాన్నే కోసి బిగించెయ్యనా?" అన్నాడు తమ్ముడు.

"కోస్తే సాగదీయాలి. చుట్ల మధ్య ఎడం మారి ఒకచోట ఎర్రగా కాలి తెగుతుంది. కొత్తది చుడతాం." పెద్దమ్మాయి ఆవిడ వైపు తిరిగింది. "అప్పటిదాకా ఇందులో గుడ్లు పెట్టకండి."

"మీరు ముందే చూశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా గుడ్లన్నీ పోయేవి" అంది కోడిపిల్లలావిడ. ఈసారి మెచ్చుకోలుగా చూసింది పెద్దమ్మాయినే. ఆ చూపు ఎంత తియ్యగా ఉందో! పెద్దమ్మాయి దాన్ని దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

తిరుగు ప్రయాణంలో మరదలు కిటికీవైపు మొహం తిప్పుకుని కూర్చుంది. చెవి మీద పెన్సిలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమైంది నీకు?" అన్నాడు తమ్ముడు.

"ఏం లేదు. తలనొప్పి."

పెద్దమ్మాయికి ఆ తలనొప్పి తెలుసు. నెలల తరబడి భరించింది. దవడ దగ్గర మొదలై, అవతలివాళ్ళ ప్రతి మాటకీ పెరిగి, ఇంటికెళ్ళాక దిండులో మొహం పెట్టుకుంటే గానీ తగ్గని తలనొప్పి. మందు లేదు దానికి. ఓదార్పు మాటలు చెబితే ఇంకా పెరుగుతుంది. అందుకని ఓదార్చలేదు.

కొంత దూరం పోయాక, "రేపు ఆ కాయిలు నువ్వు చుట్టు. నేను పక్కన కూర్చుంటాను" అంది.

మరదలు వెనక్కి తిరగలేదు. "నాకు చెయ్యి లేదటగా."

"ఎవరన్నారు?"

"మామయ్య. మీతో అన్నారుగా, విన్నాను." కిటికీ అద్దం మీద ఆమె ఊపిరి తెల్లగా పరుచుకుంది. "ఆ మాట విన్న దగ్గర్నుంచీ, మీరు తీగ పట్టుకున్నప్పుడల్లా మీ వేళ్ళే చూస్తున్నాను. ఎలా మండుతోందో మీకేం తెలుసు!"

తన వీపు వెనక కూడా ఒకరు అలా కాలుతూ కూర్చున్నారని పెద్దమ్మాయి అనుకోలేదు. తమ్ముడు అద్దంలోంచి ఇద్దర్నీ చూసి, ఏమీ అర్థం కాక, హారన్ కొట్టాడు.

"మొదటిది చెడిపోతుంది. నాదీ చెడిపోయింది" అంది పెద్దమ్మాయి.

"ఎంత చెడిపోయింది?"

"నాన్న దాన్ని నీళ్ళ తొట్టి వెనక దాచాడు, ఎవరి కంటా పడకుండా."

మరదలు నవ్వలేదు. కానీ మొహం ఇటు తిప్పింది. "చూద్దాం లెండి" అంది.